అచ్చు మారిస్తే సరిపోదండీ

మాస్కుల సిలికాన్ భాగాలకు మామూలు ప్లాస్టిక్ ఇంజెక్షన్ మెషిన్‌లో అచ్చు ఒక్కటి మారిస్తే చాలని వ్యాసంలో రాశారు, అక్కడే నాకు తేడా కొట్టింది. ప్లాస్టిక్‌ని వేడిచేసి కరిగించి చల్లటి అచ్చులోకి పంపుతాం. లిక్విడ్ సిలికాన్‌కి అంతా తలకిందులు. ఎ, బి అని రెండు భాగాలుగా వస్తుంది, సమానంగా కలిపి, సరుకును అచ్చులోకి తోసే గొట్టాన్ని, అంటే బ్యారెల్‌ని, నీళ్లతో చల్లగా ఉంచి, సుమారు 150 నుంచి 200 డిగ్రీల వేడి అచ్చులోకి కొట్టాలి, అక్కడే గట్టిపడుతుంది. బ్యారెల్ వేడెక్కిందో, సరుకు లోపలే బిగుసుకుపోతుంది, ఇక ఆ రోజంతా లోపల సరుకును నెట్టే స్క్రూ విప్పి గీక్కోవడమే!

ఇంకోటి, ఈ సిలికాన్ చాలా పలచగా పారుతుంది. వెంట్రుక మందంలో పదో వంతు సందు దొరికినా బయటికొచ్చి అంచున పొరలా అంటుకుంటుంది. ముఖానికి ఆనే అంచులో అలాంటి పొర ఉంటే గుచ్చుకుంటుంది, గాలి కూడా లీకవుతుంది. ఊపిరి వదిలే వాల్వ్‌లోని పలచటి సిలికాన్ రేకు అయితే మరీ టెన్షన్, ఏమాత్రం వంకర ఉన్నా సరిగ్గా మూసుకోదు.

లేటెక్స్ గ్లౌజులతో ముట్టుకోవద్దని కూడా రాయాల్సింది. వాటిలోని గంధకం తగిలితే ప్లాటినంతో గట్టిపడే ఈ సిలికాన్ అక్కడక్కడా జిగటగానే మిగిలిపోతుంది. మేము ఆ సంగతి తెలియక రెండు రోజులు మెషిన్‌నే తిట్టుకున్నాం. గంధకం లేని నైట్రైల్ గ్లౌజులు వాడండి.