ఆ తలుపు బయటికి తెరుచుకుని ఉంటే

మొన్న మే నెలలో మా నాయనకు పిత్తాశయంలో రాళ్లని ఆపరేషన్ చేయించాం. కర్నూలులో పెద్ద ఆసుపత్రే. పేరు రాయను. నేను చెప్పబోయేది ఆ ఒక్క ఆసుపత్రి సంగతి కాదు. ఆపరేషన్ బాగా జరిగింది. డాక్టర్లు మంచివాళ్లు, సిస్టర్లు ఇంకా మంచివాళ్లు. మా నాయన కాలు విరిగింది మాత్రం బాత్రూమ్‌లో.

రెండో రోజు రాత్రి మూడింటప్పుడు నన్ను లేపడం ఎందుకని ఒక్కడే లేచి వెళ్లాడు. నేను మంచం పక్కన చాప మీద పడుకున్నాను. దబ్బుమని శబ్దం. పరుగెత్తి తలుపు తోస్తే జానెడు తెరుచుకుని ఆగిపోయింది. అది లోపలికి తెరుచుకునే తలుపు. దాని వెనకాలే ఆయన పడి ఉన్నాడు. ఇంకాస్త తోస్తే తలుపు అంచు పోయి కుట్ల మీద తగులుతుంది. "కొంచెం జరుగు నాయనా" అంటే "కాలు రావడం లేదు పాపా" అంటున్నాడు. సిస్టర్ వచ్చింది, వాచ్‌మన్ వచ్చాడు. తలుపు ఊడదీద్దామంటే బందులూ లోపలి వైపే ఉన్నాయి. చివరికి వెంటిలేటర్ అద్దం పలకలు ఒక్కొక్కటే లాగేసి, సన్నగా ఉన్న వార్డు బాయ్‌ని అందులోంచి దింపారు. ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ నేను ఆ జానెడు సందులోంచి మా నాయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

మోకాలి చిప్ప చిట్లింది. నాలుగు రోజుల్లో ఇంటికి రావాల్సిన మనిషి పదిహేను రోజులు ఉన్నాడు.

తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టడానికి కొత్త ఇంట్లోనైనా, కొత్త ఆసుపత్రిలోనైనా రూపాయి ఎక్కువ ఖర్చు కాదు. అదే చెక్క, అవే బందులు. ప్లాన్ గీసేటప్పుడు గీత ఇటు గీయాలా, అటు గీయాలా అన్నదే తేడా. పట్టుకోవడానికి గోడకు ఒక కడ్డీ ఉంటే ఆయన పడేవాడే కాదేమో. కింద మెరిసే టైల్స్, వాటి మీద నీళ్లు. నాపరాళ్లకు పేరుపడ్డ బేతంచెర్ల పక్కనే ఉంది. పాలిష్ పట్టని బండ మీద కాలు ఎలా నిలుస్తుందో ఈ ప్రాంతంలో పుట్టిన ప్రతి మనిషికీ తెలుసు. బాత్రూమ్‌కైనా గరుకు టైల్స్ వేయాలని ఎవరికీ తోచలేదు.

ఆ తర్వాత పదమూడు రోజులు ఆ వార్డులో కూర్చుని నేను చేసిన పని చూడడమే.

మా నాయన మంచం ఎదురుగా గోడ. కిటికీ ఉంది కానీ దాని బయట ఏసీ యూనిట్ బిగించారు, లోపల బీరువా పెట్టారు. ఉదయమో సాయంత్రమో ఆయనకు తెలిసేది కాదు. ఇంటికొచ్చాక చదివితే తెలిసింది, రోజర్ ఉల్రిచ్ అనే ఆయన 1984లోనే దీని మీద 'సైన్స్' పత్రికలో రాశాడట. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రి పాత రికార్డులు తీసి చూశాడు. అందరూ పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే, అచ్చం మా నాయన లాగా. కిటికీలోంచి చెట్లు కనిపించేవాళ్లు 23 మంది, ఇటుక గోడ కనిపించేవాళ్లు 23 మంది. చెట్లు కనిపించినవాళ్లు త్వరగా ఇంటికి పోయారు, నొప్పికి గట్టి మందులు తక్కువ వాడారు. నలభై ఏళ్ల కిందటి మాట ఇది. మనం మాత్రం బీరువా పెట్టి కిటికీ మూస్తున్నాం.

గాలి సంగతి సరేసరి. పెరూ రాజధాని లిమాలో ఆసుపత్రులను కొలిచి 2007లో రాశారు. ఎత్తు కప్పులు, పెద్ద కిటికీలు ఉన్న పాత కట్టడాల్లో కిటికీలు తెరిస్తే, కొత్త కట్టడాల కంటే గాలి బాగా మారుతోందట. టీబీ లాంటివి అంటకుండా ఉండాలంటే అదే కదా కావలసింది! జనరల్ వార్డులో ఒక్కో రోగికి సెకనుకు 60 లీటర్ల గాలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెప్పింది. మా జేజి వాళ్ల మిద్దెలో పైకప్పుకు గవాచి ఉండేది, పొగ పైకి పోయేది, వెలుగు కిందికి దిగేది. చదువుకోని మేస్త్రీలు కట్టిన ఇల్లు అది. దోమలొస్తాయని అంటారు, నిజమే, జాలీ కొట్టించండి. ఏసీ పెట్టి కిటికీలు బిగించేస్తే కరెంటు పోయిన గంటలో కర్నూలు ఎండకు ఆ వార్డు ఏమవుతుందో నేను చూశాను.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది సిస్టర్ల పరిస్థితి. 32 మంచాలకు రాత్రి ఇద్దరు. వాళ్ల టేబుల్ వార్డుకు ఆ చివర, మందుల గది ఇంకో చివర. ఒక ఇంజెక్షన్ వేయడానికి ఆ పిల్ల ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగేదో! మగవాళ్ల వార్డు కాబట్టి ఆ అంతస్తులో ఆడవాళ్లకు బాత్రూమ్ లేదు. నేను రెండంతస్తులు దిగి వెళ్లాలి. ఒక రాత్రి మెట్ల దగ్గర భయపడుతూ నిలబడితే సిస్టరే వచ్చి, "నేనూ కిందికే పోతాండా, పాక్కా" అంది. ఇద్దరం కలిసే వెళ్లాం. దారిలో చెప్పింది, డ్యూటీలో ఉంటే నీళ్లు తాగదట. మే నెలలో, కర్నూలులో! అన్నం మందుల ట్రాలీ పక్కన నిలబడి తినడం నేనే చూశాను. ఒక గంట నడుం వాల్చడానికి గది లేదు. 2024 ఆగస్టులో కలకత్తా ఆర్జీ కర్ ఆసుపత్రిలో ఆ డాక్టరమ్మ రాత్రి డ్యూటీ మధ్య పడుకోవడానికి సెమినార్ హాల్లోకి వెళ్లింది. అక్కడే ఆమెపై అత్యాచారం చేసి చంపేశారు. సుప్రీంకోర్టు దాకా పోయింది. అయినా మన దగ్గర విశ్రాంతి గది ఇప్పటికీ ప్లాన్‌లో ఉండదు, ఉన్నా అందులో పాత ఫైళ్లు ఉంటాయి.

మేము ఇల్లు కట్టేటప్పుడు పునాది తీయకముందు నేల మీద ముగ్గు పోయిస్తాం కదా. అప్పుడు మా అమ్మ ఆ ముగ్గులోకి వెళ్లి నిలబడి, "వంటిల్లు ఇరుకు, తలుపు ఇటు పెట్టండి" అంటుంది. మేస్త్రీ ముగ్గు చెరిపి మళ్లీ పోస్తాడు. ఆసుపత్రికి కూడా అలాగే చేయమంటున్నాను. ఒక్క వార్డుకు, ఒక్క బాత్రూమ్‌కు అసలు కొలతలతోనే నేల మీద ముగ్గు పోయండి. రాత్రి డ్యూటీ చేసే సిస్టర్‌ను, ఆయమ్మను, స్ట్రెచర్ తోసే అన్నను, చక్రాల కుర్చీలో ఒక రోగిని, ఆయన వెంట వచ్చిన మనిషిని అందులో తిప్పండి. స్ట్రెచర్ మలుపు తిరుగుతుందా, చాప వేసుకునే చోటుందా, సెలైన్ స్టాండుతో బాత్రూమ్‌లోకి పోగలరా అని వాళ్లనే అడగండి. రోగి వెంట మనిషి రాని ఆసుపత్రి మన సీమలో ఎక్కడుంది? మంచం లెక్క రాసేటప్పుడు ఆ మనిషి లెక్క కూడా రాయండి.

మా నాయన ఇంటికొచ్చిన రెండో రోజే వడ్రంగిని పిలిచి బాత్రూమ్ తలుపు బయటికి తెరుచుకునేలా తిప్పించాం. ఒక పూట పని. అయినా నాయన ఇప్పటికీ తలుపు మూసుకోడు. కాస్త తెరిచే ఉంచి, "అక్కడే ఉండావా పాపా?" అని లోపలి నుంచి అడుగుతుంటాడు.