గోంగూర రక్షణకు ఒక థర్టీ-థర్టీ

టెక్సస్‌లో, మా ఆస్టిన్ శివారులో జింకలు వీధికుక్కల్లా తిరుగుతాయి. ఈ మాట ఫోన్లో చెప్తే ఇండియాలో చుట్టాలు "అబ్బ, ఎంత అదృష్టం" అంటారు గాని, ఏప్రిల్లో విత్తి, జూన్ దాకా నీళ్లు పోసి, ఇంకో వారంలో పప్పులోకి కోద్దాం అనుకున్న గోంగూర మడిని ఒక్క రాత్రిలో మోళ్లు మిగిల్చి నమిలేసి, పొద్దున్నే కిటికీలోంచి మనకేసి తాపీగా నెమరేస్తూ చూసే జంతువుని ఎవడూ అదృష్టం అనడు. శత్రువు అంటాడు. శత్రువు ఉన్నచోట ఆయుధం ఉండాలి, ఇది నేను పెట్టిన రూల్ కాదు, మన పురాణాలన్నీ దాని మీదే నడుస్తాయి.

నేను పదకొండేళ్లుగా హెచ్1బీ మీద ఉన్నాను. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి చూసుకోవాలి, లేదంటే సామాన్లు సర్దుకోవాలి. ఇలాంటి తాత్కాలిక వీసావాడు తుపాకీ పట్టుకోకూడదని అమెరికా ఫెడరల్ చట్టం చెప్తుంది. న్యాయమే. కాని అదే చట్టం కాస్త కిందికి వెళ్లి, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే పట్టుకోవచ్చు అంటుంది. అంటే ఇంజనీరుగా నా మీద ఈ దేశానికి నమ్మకం లేదు, వేటగాడిగా ఉంది. ఈ సంగతి తెలిసిన రోజు నాకు నిజంగా కళ్లు చెమర్చాయి.

టెక్సస్‌లో వేట లైసెన్సు పాతిక డాలర్లు. 1971 సెప్టెంబరు 2న గాని ఆ తర్వాత గాని పుట్టినవాళ్లకి హంటర్ ఎడ్యుకేషన్ అని ఒక కోర్సు కూడా ఉంది, ఇంట్లో కూచుని ఆన్‌లైన్‌లో చేసేయొచ్చు. తుపాకీతో ముళ్లకంచె ఎలా దాటాలి లాంటివి చెప్తారు. మా ఆఫీసులో సెక్యూరిటీ ట్రైనింగ్ ఎలా చేస్తానో ఇదీ అలాగే చేశాను, ఒక చెయ్యి 'నెక్స్ట్' మీద, ఇంకో చెయ్యి కాఫీ కప్పు మీద. ఆ పాపం తర్వాత తగిలింది, చెప్తాను.

ఇక ఏ తుపాకీ? ఈ దేశంలో జింక అనగానే పాతకాలం వాళ్ల నోటికొచ్చేది లివర్-యాక్షన్ రైఫిల్, అందులోనూ థర్టీ-థర్టీ అనే తూటా పేల్చేది. కౌబాయ్ సినిమాల్లో గుర్రం మీంచి దిగి, ట్రిగ్గర్ దగ్గరి కొక్కెంలాంటి దాన్ని చటక్‌మని కిందికీ పైకీ ఆడించి కాలుస్తాడే, అదే జాతి. జాన్ బ్రౌనింగ్ గీసిన వించెస్టర్ 1894 మోడల్ ఒక్కటే 70 లక్షలకు పైగా తయారైంది. థర్టీ-థర్టీ పేరులో మొదటి ముప్పై గుండు వ్యాసం, సుమారుగా అంగుళంలో నూటికి ముప్పై వంతులు. రెండో ముప్పై అప్పట్లో తూటాలో పోసిన తుపాకీమందు బరువు, గ్రెయిన్ అనే చిన్న తూకంలో. మన వంటల పుస్తకాల కంటే ఈ లెక్క నయం, 'తగినంత' అని రాయలేదు.

కొత్తది కొనే ధైర్యం లేదు, పైగా మనకు సెకండ్ హ్యాండ్ అంటే ఒక భక్తి. తాకట్టు కొట్టుకి వెళ్లాను. ఒక గోడకి గిటార్లు, ఒక గోడకి డ్రిల్లింగ్ మిషన్లు, గాజు బల్లకింద ఎవరివో పెళ్లి ఉంగరాలు, వాటి వెనక వరసగా రైఫిళ్లు. కొట్టువాడు మార్లిన్ కంపెనీ థర్టీ-థర్టీ, 336 మోడల్ ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. మూడు కిలోల పైచిలుకు. చేతిలోకి రాగానే నా వెన్నెముక దానంతటదే నిటారైంది, ఇరవయ్యేళ్లుగా మా ఫిజియోథెరపిస్టులు చేయలేని పని.

సంతలో గేదె పళ్లు చూసినట్టు చూడటం మొదలుపెట్టాను. గొట్టంలోకి ఫోన్ లైటు వేశాను, లోపల మెలికలు తిరిగిన గాడులు మెరిశాయి, అర్థమైనట్టు తలాడించాను. స్క్రూల గాట్లు నలిగి ఉన్నాయి, ఎవరో సరైన స్క్రూడ్రైవర్ లేక వంటింటి కత్తితో తిప్పినట్టున్నారు. కర్ర మీద బెత్తెడు గీత. ఇదేంటంటే "నిజాయితీగా అరిగింది" అన్నాడు. లివర్ మడతబందు దగ్గర తుప్పు మరక. "ఎన్ని అడవులు చూసిందో" అన్నాడు. నా 2014 కారు మీద ఇంతకంటే చిన్న గీత ఉంటే ఎక్స్‌చేంజిలో ఎనిమిదొందలు కోశారు. కార్లకి నిజాయితీ ఉండదు కాబోలు.

గొట్టం మీద 'జేఎం' అని చిన్న ముద్ర చూపించి గొంతు తగ్గించాడు. 2007 చివర్లో మార్లిన్ కంపెనీ రెమింగ్టన్ అనే ఇంకో తుపాకుల కంపెనీ చేతికి పోవడానికి ముందు కాలానిది అని గుర్తు, దానికి గిరాకీ ఎక్కువ. సీరియల్ నంబరులో మొదటి రెండంకెలు 24. వాటిని వందలోంచి తీసేస్తే పుట్టిన సంవత్సరం వస్తుందట, 1976. తుపాకీకి జాతకం ఉందని తెలిశాక ఇక బేరమాడే మనసు రాలేదు. 650 డాలర్లు, పన్ను 8.25 శాతం.

తర్వాత ఫారం 4473, తుపాకీ కొనేవాడు నింపాల్సిన ప్రభుత్వ ప్రశ్నపత్రం. మీరు పరారీలో ఉన్న నేరస్తులా? గంజాయి అలవాటుందా? పరారీలో ఉన్నవాడు ఒక్క క్షణం ఆలోచించి, అబద్ధం ఎందుకులే అని 'అవును' దగ్గర టిక్కు పెడతాడని ఒక గొప్ప ప్రభుత్వం నమ్ముతోంది, ఆ నమ్మకాన్ని నేను గౌరవిస్తాను. ఈ దేశంలోకి వచ్చినప్పుడు రాసుకునే ఐ-94 రికార్డు నంబరు, వేట లైసెన్సు కూడా ఇచ్చాను. ఎఫ్‌బీఐ వాళ్ల తనిఖీలో 'డిలేడ్' వచ్చింది. రెండు రోజుల తర్వాత క్లియరైంది. "ఇంత ఆలస్యమైనందుకు సారీ" అన్నాడు కొట్టువాడు. పదకొండేళ్లుగా గ్రీన్ కార్డు క్యూలో నిలబడ్డవాణ్ని పట్టుకుని రెండు రోజులకి సారీ.

ఆదివారం షూటింగ్ రేంజికి తీసుకెళ్లాను. చెవులకి మఫ్‌లు, కళ్లకి అద్దాలు, 50 గజాల దూరంలో కాగితం. ఈ తుపాకీలో తూటాలు గొట్టం కిందున్న ఇంకో సన్నగొట్టంలో, ఆర్టీసీ బస్సు ఎక్కే జనంలా ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి. వెనకదాని మూతి ముందుదాని వీపుకి ఆనుతుంది. వీపు అంటే పేలే భాగం. మూతి సూదిలా ఉంటే కుదుపుకి లోపలే పేలొచ్చు, అందుకే థర్టీ-థర్టీ తూటాలకి ముక్కు చప్పిడిగా ఉంటుంది. జనం మధ్య ఎలా మసలాలో తెలిసిన తూటా. వాటిని లోపలికి నొక్కే చిన్న తలుపు అంచు మాత్రం అలా లేదు, మూడో తూటాకే బొటనవేలి చర్మం పుచ్చుకుంది.

పేల్చాను. భుజం మీద ఎవరో సిమెంటు బస్తా దింపినట్టయింది. లివర్‌ని, పక్కగదిలో పసిపిల్ల నిద్రపోతుంటే తలుపు తీసినట్టు, మెల్లగా దించాను. అంతే, పేలిన తూటా గుల్ల సగం బయట, కొత్త తూటా సగం లోపల, రెండూ గుమ్మంలో ఇరుక్కున్నాయి. రేంజి ఆఫీసరు వచ్చి సరిచేసి, దాన్ని బతిమాలకు, చివరిదాకా గట్టిగా కొట్టు అన్నాడు. తప్పు తుపాకీది కాదు, నా పెంపకానిది. అదే టైముకి పక్కలేనువాడి కాలే తూటా గుల్ల ఎగిరొచ్చి నా చొక్కా కాలర్లో పడింది. అప్పుడు నేను వేసిన గంతుకి రేంజి మొత్తం ఆగి చూసింది. ఇరవై తూటాల్లో కాగితానికి తగిలినవి పదకొండు, నల్లచుక్కలో మూడు. భుజం సాయంత్రానికి గుత్తివంకాయ రంగుకొచ్చింది.

ఇంటికొచ్చి, ఇక రా చూసుకుందాం అని పెరట్లో కుర్చీ వేసుకున్నాక, మా ఆవిడ తీరిగ్గా ఆ కోర్సు తెరిచి నేను 'నెక్స్ట్' కొట్టిన పేజీలు చదివి వినిపించింది. మా ఊరి హద్దుల్లో తుపాకీ పేల్చడం నేరం, పెరడు మనదైనా సరే. తుపాకీతో జింకల వేట నవంబరు మొదటి శనివారం గాని మొదలవదు. అప్పటికి గోంగూర ముదిరి కాయలు కాసి ఎండుతుంది. అడవిపందికైతే టెక్సస్‌లో సీజన్ లేదు, ప్రైవేటు స్థలంలో ఏడాది పొడుగునా కొట్టొచ్చు, కాని మా కాలనీకి పంది రాదు. ఇంకో సంగతి, వేట లైసెన్సు గడువు ఏటా ఆగస్టు 31తో సరి. జూన్‌లో కట్టిన పాతిక డాలర్లకి మూడు నెలలు కూడా రాలేదు. రెన్యూ చేయకపోతే ఆ మినహాయింపు పోతుంది, బీరువాలో ఉన్న 1976 మార్లిన్ నన్ను నేరస్తుణ్ని చేస్తుంది. వీసా ఒకటి చాలదని ఇప్పుడు రెండు రెన్యూవల్స్.

మా ఆవిడ ఇంకో లెక్క కూడా చెప్పింది. ఇండియన్ స్టోర్లో గోంగూర కట్ట రెండు డాలర్లు. రైఫిల్‌కి పన్నుతో కలిపి మూడొందల యాభై కట్టలు. తూటా ఒక్కోటి దాదాపు రెండు డాలర్లు పడింది కాబట్టి మొన్న ఆదివారం కాగితం తప్పి మట్టికట్టలోకి పోయినవి ఇంకో తొమ్మిది కట్టలు. ఇది పెట్టుబడి, జేఎం ముద్ర ఉన్నవాటి ధర పెరుగుతుంది అన్నాను. "అమ్ముతావా?" అంది. ఆ ప్రశ్నలోని క్రూరత్వం ఆవిడకి తెలియదు.

నాన్నకి వీడియో కాల్‌లో చూపించాను. చాలాసేపు చూసి, "ఎలక్షన్లప్పుడు స్టేషన్లో ఇచ్చేయాలేమోరా?" అన్నాడు. మా పెదతాత లైసెన్సు తుపాకీ ప్రతి ఎలక్షన్‌కీ స్టేషన్‌కి వెళ్లొచ్చేది, ఆ ఇంట్లో ఎక్కువ ఊళ్లు తిరిగింది అదే అనేవారు. ఇక్కడ అక్కర్లేదు నాన్నా అంటే నమ్మలేదు. తర్వాత, "జింకకి తుపాకీ ఎందుకురా, మంచె మీద డబ్బా కొట్టేవాళ్లం కదా" అన్నాడు.

ఆ రాత్రి జింక వచ్చింది. మా ఆవిడ స్టీలు పళ్లెం, గరిటె తీసుకుని గుమ్మంలోకి వెళ్లి నాలుగు దెబ్బలు కొట్టింది. జింక ఒక్క దూకులో కంచె దాటింది, కోర్సులో చెప్పిన జాగ్రత్తలేవీ పాటించకుండా. నిన్న మళ్లీ వచ్చింది. ఈసారి పిల్లని కూడా తెచ్చుకుంది.