ఉప్పల్ స్తంభాల పరిరక్షణకు ఒక విజ్ఞప్తి

వేయి స్తంభాల గుడి చూడ్డానికి హైదరాబాద్ నుంచి వరంగల్ దాకా పోయేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. అంత దూరం ఎందుకండీ? ఉప్పల్ రింగ్ రోడ్డు దాటి, అదే వరంగల్ రోడ్డు మీద బోడుప్పల్, పీర్జాదిగూడ, మేడిపల్లి మీదుగా నారపల్లి వైపు వెళ్లండి చాలు. రోడ్డు నడిమధ్యన ఒకదాని వెనక ఒకటి స్తంభాలు. కొన్నిటికి టోపీ పెట్టారు, కొన్నిటికి పెట్టలేదు, కొన్నిటి నెత్తిన ఇనుప చువ్వలు లేచి ఉంటాయి, పొద్దున్నే దువ్వుకోకుండా బడికొచ్చిన పిల్లాడి జుట్టులాగా. హనుమకొండలో రుద్రదేవుడు గుడి కట్టించింది 1163లో. మన రోడ్డు నంబరు జాతీయ రహదారి 163. ఒక్క వెయ్యే తేడా. ఇది కాకతాళీయం అనేవాళ్లు అనుకోవచ్చు, కాకతీయం అని నేనంటాను.

విషయం తెలియని వాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. ఇక్కడ ఆరు కిలోమీటర్ల పైచిలుకు ఎలివేటెడ్ కారిడార్ కడతామని 2018లో కొబ్బరికాయ కొట్టారు. రెండేళ్లలో, అంటే 2020 కల్లా, మనమంతా దాని మీద రయ్యిమని పోవాలి. 2020 వచ్చింది, దానితోపాటు కరోనా కూడా వచ్చింది, పాపం కరోనా వల్లే ఆగింది అనుకున్నాం. ఆ తర్వాత కరోనా మూడు వేవ్‌లుగా వచ్చి పోయింది, టీకా కనిపెట్టారు, అందరం రెండు డోసులు వేయించుకున్నాం, కొందరం మూడోదీ వేయించుకున్నాం, స్తంభాలు మాత్రం అలాగే భౌతిక దూరం పాటిస్తూ నిలబడ్డాయి. ఈలోగా అటు దుర్గం చెరువు మీద తీగల వంతెన 2020లోనే తెరిచారు, ఇందిరా పార్క్ నుంచి వీఎస్టీ దాకా స్టీల్ బ్రిడ్జి 2023లో తెరిచారు. మాకేం కుళ్లు లేదు. వాళ్లది పడమర, మాది తూర్పు. తూర్పు వాళ్లకి ఓర్పు ఎక్కువ.

ఆలస్యం అయిందని గగ్గోలు పెట్టేవాళ్లకి చరిత్ర తెలియదు. వేయి స్తంభాల గుడి దగ్గరి కళ్యాణ మండపాన్ని బాగుచేద్దామని 2006లో విప్పారు, తిరిగి తెరిచింది 2024 మార్చిలో. పద్దెనిమిదేళ్లు. మనదీ స్తంభాల వ్యవహారమే, అదీ ఈ రోడ్డు చివరిదే, కాబట్టి లెక్క ప్రకారం మనకి 2036 వరకు గడువు ఉంది. ఇప్పట్నించే తొందరపెట్టడం సంప్రదాయ విరుద్ధం.

అసలు ఈ రోడ్డు మీద తిరుగుతూ నేను నేర్చుకున్నది ఇంజనీరింగ్ కాదు, తెలుగు. బ్యారికేడ్ మీద ఏం రాసి ఉంటుందో ఎప్పుడైనా ఆగి చూశారా? ఆగకుండా ఎలా ఉంటారులెండి, ఆగే ఉంటారు. 'పనులు జరుగుచున్నవి, నెమ్మదిగా వెళ్ళుము.' గ్రాంథిక భాష పోయి వందేళ్లయింది అంటారు గానీ, పత్రికల్లోంచి, పాఠాల్లోంచి తరిమేస్తే అది పోయి డైవర్షన్ బోర్డుల మీద తలదాచుకుంది. అక్కడ 'జరుగుతున్నాయి' అని రాయరు. రాస్తే జనం పలుగూ పారా పట్టుకున్న మనిషి ఎక్కడని వెతుకుతారు. 'జరుగుచున్నవి' అంటే అలా కాదు. సూర్యుడు ఉదయించుచున్నాడు, నదులు ప్రవహించుచున్నవి, పనులు జరుగుచున్నవి. మనిషి ప్రమేయం అక్కర్లేదు, వాటంతట అవి అనాదిగా జరుగుచుండును. ఇక 'తాత్కాలిక మళ్లింపు' అన్న మాట చూడండి. బోడుప్పల్ దగ్గర ఒక తాత్కాలిక మళ్లింపు పక్కన ఎవరో ఒక వేపమొక్క నాటారు. ఇప్పుడు దాని నీడన రెండు బైకులు, ఒక మిరపకాయ బజ్జీల బండి హాయిగా పడతాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. పైన వంతెన లేకపోతే పోయిందిలే, కింద రోడ్డు ఉంది కదా అని అమాయకులు అంటారు. కింద రోడ్డు ఎందుకు వెయ్యరో నేను ఇన్నేళ్లూ విని విని అర్థం చేసుకున్న తర్కం ఇది: పైన వంతెన వస్తుంది, కాబట్టి కింద ఇప్పుడు రోడ్డు వేస్తే క్రేన్లకీ లారీలకీ మళ్లీ పాడవుతుంది, ప్రజాధనం వృథా, కాబట్టి వెయ్యకూడదు. సరే, మరి పైన ఎప్పుడు వస్తుంది? అది వేరే విషయం, ఆ ఫైలు వేరు. పైది రానంతకాలం కిందది వెయ్యరు, పైది రాదు. అటు స్వర్గమూ లేదు, ఇటు భూలోకమూ లేదు, మధ్యలో త్రిశంకుడిలాగా బండి మీద మేము, బండి వెనక సీట్లో నడుం పట్టుకుని మా ఆవిడ. వంతెన అసలు మొదలే పెట్టకపోయి ఉంటే ఎప్పుడో మామూలు తారు రోడ్డు పడి ఉండేది. ఈ మాట నేను చాలా సీరియస్‌గా అంటున్నాను, వ్యంగ్యం మళ్లీ కింది పేరాలో మొదలవుతుంది.

గుంతల వల్ల లాభాలు లేవా అంటే ఉన్నాయి. షాకబ్జార్లు మార్చే మెకానిక్కులు, పంక్చర్ వాళ్లు, నడుంనొప్పి బెల్టులు అమ్మే మెడికల్ షాపులు, ఫిజియోథెరపీ క్లినిక్కులు, ఇన్ని కుటుంబాలు బతుకుతున్నాయి. బట్టల దుకాణాల వాళ్లు మాత్రం కాస్త దెబ్బతిన్నారు, ఎందుకంటే ఇక్కడ ఏ రంగు చీర బొమ్మకి కట్టినా సాయంత్రానికి అన్నీ ఒకే రంగు. వానాకాలంలో ఇంకో సదుపాయం ఉంది, గుంత ఎంత లోతో కనపడదు కాబట్టి భయమూ ఉండదు. పీర్జాదిగూడ దగ్గర ఒక గుంత నాకు బాగా పరిచయం. మొదట్లో దాంట్లో ఎవరో పుణ్యాత్ముడు ఒక చెట్టు కొమ్మ గుచ్చాడు, బండ్లవాళ్లు చూసుకోవాలని. కొమ్మ ఎండింది. తర్వాత పాత టైరు పెట్టారు. తర్వాత టైరు మీద ఒక కర్ర, కర్రకి ఎర్ర చొక్కా. నేను రోజూ ఆఫీసుకి పోతూ దాన్ని పలకరించినట్టే చూస్తాను. ఒకరోజు చొక్కా మారింది, గళ్ల చొక్కా వచ్చింది. అంటే ఈ రోడ్డు మీద నిర్వహణ పనులు క్రమం తప్పకుండా ఎవరో చూసుకుంటూనే ఉన్నారు, ఎవరో మాత్రం తెలియదు, ఇంట్లో వాళ్లావిడ చొక్కా ఏదని అడుగుతూ ఉంటుంది.

ఈ స్తంభాల్ని తక్కువ చేసి మాట్లాడకండి. మా ఇంటి అడ్రసే వాటి మీద ఆధారపడి ఉంది. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా వంతెన కిందవాళ్లు పిల్లర్ నంబర్లు చెప్పుకుని ఎలా బతుకుతున్నారో, మెట్రో కింద ఉన్నవాళ్లు ఎలా బతుకుతున్నారో, మేమూ అంతే. కాకపోతే వాళ్ల పిల్లర్ల మీద ఏదో ఒకటి నడుస్తుంది. మా పిల్లర్ల మీద నడిచేవి పోస్టర్లే. లేడీస్ హాస్టల్, స్పోకెన్ ఇంగ్లిష్, ప్లాట్లు అమ్మబడును. 2023 మార్చిలో అయితే ఈ వంతెన ఎన్నేళ్లకి పూర్తవుతుందని అడుగుతూ ఏకంగా ప్రధానమంత్రి ఫోటోతోనే పోస్టర్లు వెలిశాయి. ఎవరు అంటించారన్నది రాజకీయం, నాకు అనవసరం. నాకు నచ్చిందల్లా ఒకటే, ఇన్నేళ్లలో ఆ స్తంభాలకి రాత్రికి రాత్రి జరిగిన ఏకైక పని అది.

మొన్నామధ్య షేర్ ఆటోలో పోతుంటే డ్రైవర్ అన్నాడు: "మా పిలగాడు పుట్టినప్పుడు సురువు చేసిండ్రు సార్. ఇప్పుడు ఆడే అడుగుతుండు, నాయినా గీ పిల్లర్లు ఎందుకున్నయ్ అని. ఏం జెప్పాలె?" పక్కనున్న పెద్దావిడ వెంటనే, "నీడకు బిడ్డా, నీడకు" అంది. నిజమే, మిట్టమధ్యాహ్నం సిగ్నల్ దగ్గర ఆ స్తంభం నీడలో సన్నగా, నిలువుగా, ఒకరి వెనక ఒకరు నిలబడ్డ ట్రాఫిక్ హోంగార్డునీ, కొబ్బరిబొండాల ఆయన్నీ, నన్నూ మీరు చూసే ఉంటారు.

అందుకే సంబంధిత అధికారులకి ఒక పౌరుడిగా నా విన్నపం. ఉప్పల్ స్తంభాల్ని ఉన్నవి ఉన్నట్టుగా రక్షిత కట్టడంగా ప్రకటించండి. చుట్టూ కంచె వేయనక్కర్లేదు, బ్యారికేడ్లు ఆల్రెడీ ఉన్నాయి. టికెట్ పెట్టండి, ఒక గైడ్‌ని పెట్టండి, యాదగిరిగుట్టకి పోయే బస్సులన్నీ ఇక్కడ ఎటూ అరగంట ఆగుతాయి, దర్శనం అయిపోతుంది. మేడారం జాతరప్పుడైతే ఆగే టైము ఇంకా ఎక్కువ, లైట్ అండ్ సౌండ్ షో కూడా పెట్టుకోవచ్చు. సౌండ్ సంగతి వాహనదారులే చూసుకుంటారు.

ఆలస్యం చేస్తే ప్రమాదం ఉంది సుమా. పక్కనే అంబర్‌పేట చూడండి. అక్కడా 2018లోనే ముహూర్తం, రెండు కిలోమీటర్లు కూడా లేని వంతెన, ఛే నంబర్ చౌరస్తాలో ఏళ్లతరబడి చక్కగా ఆగిపోయి ఉండేది. ఎవరూ పట్టించుకోలేదు, 2025లో పూర్తి చేసేశారు. ఇప్పుడు అక్కడ జనం నిమిషాల్లో దాటిపోతున్నారు, ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. మాకా గతి పట్టకూడదు. ఎందుకంటే ఈ మధ్య మా స్తంభాల దగ్గర కూడా కదలిక కనిపిస్తోంది.

పుకారు కాదు, కళ్లారా చూశాను. ఒక రాత్రి పదకొండింటికి మేడిపల్లి దగ్గర బండ్లన్నీ ఆపేశారు. ముందు యాక్సిడెంట్ అనుకున్నాం. కాదు, క్రేన్. కదులుతున్న క్రేన్. ఘట్‌కేసర్ పోయే 280 బస్సులోంచి జనం దిగిపోయారు, ఫోన్లు తీసి వీడియోలు, ఒకాయన వాళ్ల ఇంటికి వీడియో కాల్ చేసి "చూడు చూడు, లేస్తుంది" అని చూపిస్తున్నాడు. గర్డర్ మెల్లగా పైకి లేచింది, గాల్లో కాసేపు ఊగింది, పోయి కూర్చుంది. నా పక్కన ఓ ముసలాయన దండం పెట్టుకున్నాడు. ముప్పావుగంట అయ్యాక అందరం బండ్లు స్టార్ట్ చేశాం, ఇక వదులుతారని. అప్పుడు హెల్మెట్ పెట్టుకున్న ఒక కుర్రాడు ఒక కొత్త బోర్డు ఈడ్చుకొచ్చి, మిగిలి ఉన్న ఆ ఒక్క లేన్‌కి అడ్డంగా పెట్టాడు. దాన్ని పక్కకి జరుపుదామని చెయ్యి వేస్తే నా వేళ్లకి ఎర్ర రంగు అంటుకుంది. 'జరుగుచున్నవి'లో 'చు' కాస్త చెదిరింది.