ఎంటర్ నొక్కినవాడే రచయిత

నవలంటే కథ, పాత్రలు, శిల్పం అని చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళెవరూ నవల పూర్తిచేసి ఉండరు. నవలంటే ప్రధానంగా ఎంటర్ కీ. టైపు మిషను మీద కాయితాన్ని చేత్తో తిప్పి పైకి జరిపిన తరం మాది. కంప్యూటర్లోనూ అంతే, కొత్త పేజీ వచ్చేదాకా కొట్టడమే.

నా మూడో అధ్యాయాన్ని పదిహేడు ఎంటర్లతో కొత్త పేజీకి చేర్చాను. శీర్షికను ముప్పయ్యొక్క స్పేసులతో నట్టనడుమ నిలబెట్టాను. ఆ తర్వాత రెండో అధ్యాయంలో చేపల పులుసు ఎక్కువైందనిపించి రెండు వాక్యాలు కొట్టేశాను. నెల్లూరులో ఉంటూ చేపల పులుసు తగ్గించినందుకు శాస్తి వెంటనే జరిగింది. 2022లో కందుకూరు ఉన్నచోటే ఉండి ప్రకాశంలోంచి నెల్లూరు జిల్లాలోకి వచ్చినట్టు, శీర్షిక తన ప్రమేయం లేకుండా రెండో అధ్యాయం పేజీ అడుగున తేలింది.

ఒంగోలు నుంచి సెలవలకొచ్చిన మేనల్లుడు పేరా గుర్తులు చూపించే బటన్ నొక్కాడు. స్పేసుకో చుక్క, ఎంటరుకో తిరగబడ్డ 'పీ'. బెల్లానికి చీమలు పట్టినట్టుంది నవల.

"ఏంది మావా, ఇట్టా కొట్టావు? కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కితే పేజీ బ్రేక్ పడిద్ది. హెడింగులకి స్టైల్ పెట్టు, విషయసూచిక దానంతటదే వచ్చిద్ది."

దానంతటదే రావడానికి అది సాహిత్యమా, చుట్టపుచూపా? ఒక్క నొక్కుతో అధ్యాయం మారిపోతే ఇక రచయిత పడే ప్రసవవేదన ఏం కావాలి? వాడు వినలేదు. ఫైండ్ అండ్ రీప్లేస్‌తో నా స్పేసులన్నీ ఊడ్చేశాడు. ఎనిమిది నెలల కష్టం, పది నిమిషాల్లో. చూడ్డానికి బాగానే ఉందనుకోండి, అది వేరే సంగతి.

ఆ ఫైలు పట్టుకుని ట్రంకు రోడ్డు పక్క సందులో డీటీపీ సెంటరుకి వెళ్ళాను. అక్కడ పుస్తకం పేజీలు సర్దడానికి ఇంకా పేజ్‌మేకరే. 2001లో వచ్చిన ఏడో వెర్షను, అదే దాని ఆఖరి వెర్షను. నేను కొట్టిన యూనికోడ్ తెలుగు దానికి పడదు, డీటీపీ వాళ్ళు వాడే అను ఫాంటులోకి మార్చాలి. కన్వర్టర్‌లో పడేసరికి కొన్ని ఒత్తులు జారిపోయాయి, ఉత్త అక్షరాలు మిగిలాయి. ఏ4లో సర్దిందంతా డెమ్మీ 1/8కి, అంటే పుస్తకం సైజుకి, రాగానే మళ్ళీ మొదటికొచ్చింది.

"మరి స్టైల్సో?" అన్నాను, మేనల్లుడి గొంతుతో.

"అవేం రావు సార్ దీంట్లోకి."

ఆపరేటరు మూడో అధ్యాయం ముందు కర్సర్ పెట్టి, మెడ విరుచుకుని, ఎంటర్ మీద వేలేశాడు. నేను లెక్కపెట్టాను. పదమూడు. నాకన్నా నాలుగు తక్కువ.

డెమ్మీ పేజీ కదా, పొట్టిది.