‘ప్లేటు వేయకపోతే చెయ్యి లేవదు’ అన్న మాట ఎంతవరకు నిజం?

భుజం దగ్గర ఎముక విరిగిన పెద్దవాళ్లకు వెంటనే ఆపరేషన్ చేయించి ప్లేటు వేయించకపోతే చెయ్యి ఇక జన్మలో పైకి లేవదని చెప్పే సందేశం కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో తరచూ తిరుగుతుంటుంది. ఎక్స్‌రేలో ముక్కలు జరిగి కనిపిస్తే అవి వాటంతట అవి అతకవనీ, వయసు పెరిగేకొద్దీ ప్లేటు అవసరం పెరుగుతుందనీ, విదేశాల్లో అందరికీ ఆపరేషనే చేస్తున్నారనీ, స్లింగ్ (చేతిని మెడకు వేలాడదీసే గుడ్డ పట్టీ) వేసి ఇంటికి పంపడమంటే డాక్టరు చేతులెత్తేయడమేననీ దాని వాదన.

మొదటి మాటే అన్నిటికన్నా బలంగా నాటుకుపోయింది కనుక దాన్నే ముందు చూద్దాం. బ్రిటన్‌లో ‘ప్రోఫర్’ అనే పరీక్షలో, దండచేయి ఎముక పైభాగం విరిగి ముక్కలు పక్కకు జరిగిన 250 మందిని లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఆపరేషన్, రెండో జట్టుకు స్లింగ్, ఇద్దరికీ ఫిజియోథెరపీ ఇచ్చి రెండేళ్లు గమనించారు. తల దువ్వుకోగలరా, బట్టలు తొడుక్కోగలరా, అన్నం పెట్టిన పళ్లెం ఈ మూల నుంచి ఆ మూలకు మోసుకెళ్లగలరా వంటి 12 ప్రశ్నలకు 48 మార్కులు. 2015లో ఫలితాలు వచ్చాయి: ఆపరేషన్ జట్టు సగటు 39.07, స్లింగ్ జట్టు సగటు 38.32. రోగికి తేడా తెలియాలంటే కనీసం 5 మార్కులు ఉండాలన్నది పరిశోధకులు ముందే పెట్టుకున్న గీత. వచ్చింది ముప్పావు మార్కు. అయిదేళ్ల తరువాత చూసినా తేడా కనబడలేదు. దీనికి కారణం ఉంది. భుజం కీలు అన్ని వైపులకూ తిరుగుతుంది, వెనుక రెక్క ఎముక కూడా దానితో పాటు కదులుతుంది, అందువల్ల ఎముక కొంచెం వంకరగా అతికినా రోజువారీ పనులకు సరిపడా కదలిక మిగులుతుంది.

వయసు విషయంలో సందేశం చెప్పేది దాదాపు తలకిందులు. వయసు మళ్లినవారిలో దండచేయి ఎముక పైకొసన కీలులో తిరిగే బంతి లోపల గుల్లబారి ఉంటుంది, గుల్ల గోడలో మేకు నిలవనట్టే అక్కడ స్క్రూకు పట్టు దొరకదు. లాకింగ్ ప్లేటు (స్క్రూల తలలు తనలోనే బిగుసుకునే ప్లేటు) వేసిన 155 మందిని ఏడాది పాటు గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో 52 మందికి ఏదో ఒక చిక్కు వచ్చింది. వాటిలో ఎక్కువగా కనిపించింది స్క్రూ మొన బంతిని చీల్చుకుని కీలులోకి పొడుచుకురావడం.

విదేశాల సంగతికి ఒక్క లెక్క చాలు. అమెరికాలో మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా కింద ఉన్న వృద్ధుల్లో ఇలా ఎముక విరిగినప్పుడు ఆపరేషన్ చేసినవి 1999-2000లో 12.5 శాతం, 2004-05లో 15.7 శాతం. పెరుగుదల నిజమే, కాని నూటికి 84 మందికి అప్పుడు కూడా కత్తి పెట్టలేదు. పైగా ప్రాంతాన్ని బట్టి ఆ శాతం సున్నా నుంచి 68 దాకా మారింది. ఎముకలు ఊరికో రకంగా విరగవు కదా. మారింది డాక్టర్ల అలవాటు.

స్లింగ్ అంటే వదిలేయడం కాదు. మొదటి రాత్రులు దిండ్లకు ఆనుకుని సగం కూర్చునే నిద్రపోవాలి. నాలుగైదు రోజులకు కమిలిన నలుపు మోచేయి దాకా, ఒక్కోసారి రొమ్ము పక్కకు దిగుతుంది, చూసినవాళ్లు హడలిపోతారు, అది నెత్తురు కిందికి జారడమే. తరువాత ముందుకు వంగి, చేతిని బావిలోకి దించిన చేదలా వేలాడదీసి, మెల్లగా సున్నాలు చుట్టించే వ్యాయామం మొదలవుతుంది. ఇది నెలల తరబడి సాగే పని, కొందరిలో కదలిక పూర్తిగా తిరిగి రాదు. కాని అది ప్లేటు వేసినవారికీ వర్తిస్తుంది. ఇదంతా చదివి పుత్తూరు కట్టుకు బయల్దేరవద్దని కూడా చెప్పాలి: ఎక్స్‌రే తీసి, కీలు జారిందో లేదో, నరానికి దెబ్బ తగిలిందో లేదో చూశాకే స్లింగ్ మాట.

ఎందుకంటే ఆపరేషన్ నిజంగా కావలసినవారు ఉన్నారు. ఎముక విరగడంతో పాటు కీలు జారినా, చర్మం చీలి ఎముక బయటపడినా, రక్తనాళం తెగినా, బంతి నిలువునా చీలినా పై లెక్కలు వర్తించవు. మరీ నుజ్జయిన బంతికి ఇప్పుడు ‘రివర్స్’ కృత్రిమ కీలు (బంతి, గిన్నె చోట్లు తారుమారు చేసి అమర్చేది) వాడకం పెరుగుతోంది. 65 నుంచి 85 ఏళ్లవారిలో అది ప్లేటు కన్నా మేలని 2020లో నార్వే పరీక్ష చూపింది. అయితే మరో పరీక్షలో 80 దాటిన 59 మందిలో అదే కీలును ఆపరేషన్ లేని చికిత్సతో పోల్చినప్పుడు ఏడాది తరువాత కనిపించిన లాభం స్వల్పమే.