క్విల్టింగ్ బీ గారూ, నా పావంగుళం ఎక్కడండీ?

మహారాజశ్రీ ఆన్‌లైన్ క్విల్టింగ్ బీ గారి (అదే, ముక్కలు అతికి బొంతలు కుట్టుకునే మన గుంపు) దివ్యసముఖానికి, నవంబర్ నెల రాణి నమస్కరించి రాసుకునేది.

ఈ ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఆరున్నర దాకా హాల్లో నేలమీద చతికిలబడి, మీ దయవల్ల వచ్చిన బ్లాకులు, అంటే బొంతకి అతికే చదరాలు, పరిచి, జరిపి, తిప్పి, మళ్ళీ పరిచి చూశానండి. మోకాళ్ళు పట్టేశాయి, ఒక్క వరస కుదర్లేదు.

పన్నెండు మంది, పన్నెండు నెలలు, నెలకొకరు రాణి, మిగతా పదకొండు మందీ ఆవిడకి తలో బ్లాకు కుట్టి కొరియర్ చెయ్యాలి అంటే, ఓహో చీటీ పాటే కదా అని దిగాను. చీటీలాగే అయ్యింది కూడా. జనవరి రాణీ ఫిబ్రవరి రాణీ వాళ్ళ ముక్కలు వాళ్ళకి అందగానే బోర్డు తిప్పేశారు, అయినా పోనీలెండి. ప్యూర్ కాటన్ అని ఒకావిడ పంపింది, ఇస్త్రీ పెట్టె తగలగానే అప్పడంలా ముడుచుకుంది, పోనీలెండి. ఇంకొకావిడ ఎర్ర కలంకారీ ఉతక్కుండా కుట్టేసింది, కాస్త తడి తగిలితే పక్కనున్న తెల్లబట్టంతా ఆవకాయ కలిపినట్టు, అదీ పోనీండి.

పావంగుళం మాత్రం నేను వదలనండి.

నేనడిగింది తొమ్మిది గళ్ళ బ్లాకు, అంతకన్నా తేలికైంది లేదు. నాలుగున్నర అంగుళాల ముక్కలు తొమ్మిది, అంచుకి పావంగుళం లోపల కుట్టు, అన్నీ కలిపితే పన్నెండున్నర రావాలి. స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసి గ్రూపులో పిన్ చేశా, తొమ్మిది మందీ దండాల బొమ్మ పెట్టారు. వచ్చినవేమో పన్నెండు, పన్నెండుంపావు, పదకొండుముప్పావు, ఒకటైతే ఒకవైపు పదమూడు ఇంకోవైపు పన్నెండు, అది బ్లాకా రేకుల షెడ్డా? పావంగుళం మీద అరపావు ఎక్కువ లోపలికి పోయిందనుకోండి, అడ్డంగా రెండు కుట్లు, ఒక్కో కుట్టుకి రెండు వైపులా బట్ట తింటుంది, మొత్తం అరంగుళం గల్లంతు. "అరంగుళమే కదక్కా, ఇస్త్రీ చేసేటప్పుడు కొంచెం లాగు" అని ఓ మహానుభావురాలి సలహా. లాగాలా? ఏం లాగాలి, నీ తలకాయ లాగాలా? అయినా జాకెట్ కుట్టించుకుంటే "లోపల రెండంగుళాలు వదులు బాబూ, లావైతే విప్పుకోవాలి" అని టైలర్‌కి చెప్పే వాళ్ళం మనం, మనకి పావంగుళం కంటికి ఆనుతుందా!

అసలు నన్ను ఇందులో దింపిందే నువ్వు. ఇంక గారూ లేదు గీరూ లేదు. 2016 జనవరిలో చెన్నైలో పరిచిన ఆ క్రోషే దుప్పటి ఫోటో చూపించే కదా పడగొట్టావు? ఎవరింట్లో వాళ్ళు కూచుని నలభై అంగుళాల ముక్కలు అల్లి, అన్నీ కలిపితే 11,148.5 చదరపు మీటర్లట, గిన్నిస్ రికార్డట. ఊలు సాగుతుంది, బట్ట సాగదు, ఒప్పుకుంటా. కానీ వాళ్ళవి వేలు, నావి తొమ్మిదే కదే! తొమ్మిది!

రాత్రి పదింటికి ఆ రేకుల షెడ్డుని విప్పడానికి కూచున్నా. సీమ్ రిప్పర్‌తో దారం కోసి, ముక్కని ట్యూబ్‌లైటుకి ఎదురుగా పట్టుకుంటే సూది కన్నాలు కనపడ్డాయి. ఒక వరస కాదు, పక్కపక్కనే మూడు వరసలు. కుట్టింది, విప్పింది, మళ్ళీ కుట్టింది, మళ్ళీ విప్పింది. మూడోసారికి ఇంక దేవుడి మీద భారం వేసి కవర్లో పెట్టినట్టుంది పిచ్చితల్లి. ఆవిడెవరో నాకు తెలీదు, డీపీలో మందారపువ్వు ఉంటుంది అంతే. కవర్ అడుగున చిన్న పువ్వుల గుడ్డ ఇంకో ముక్క, మీద పిన్నుతో గుచ్చిన చీటీ, "తక్కువైతే వాడుకో అక్కా" అని.

సరే అని ఆ కుట్టు నేనే కొత్తగా వేశా, నిదానంగా, మెషిన్ మీద టేపు అంటించుకుని, ఊపిరి బిగబట్టి.

పన్నెండుంపావు వచ్చింది.

ఈ సంగతి గ్రూపులో చెప్పకు. కొత్త బీ జనవరిలో మొదలంటగా, నా పేరు రాసుకో. మొదటి నెల మాత్రం నాకే.