ఒళ్లున్నట్టు ధ్రువీకరణ పత్రం

మనిషికి ఒళ్లనేది ఒకటుందని, దాని కదలికను గమనించుకుంటే మేలని చదువుకున్నవాళ్లు ఒప్పుకోవడం హర్షణీయం. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలకు ఈ వార్త కాస్త ఆలస్యంగా చేరింది.

ఒంటి కదలికను లోపలి నుంచి గమనించుకునే ఈ విద్యలకు 1970లలో 'సొమాటిక్స్' అని పేరు పెట్టినవాడు అమెరికా తత్వవేత్త థామస్ హన్నా. అంతకు చాలా ముందే అలెగ్జాండర్ అనే ఆస్ట్రేలియా నటుడు, స్టేజీ మీద గొంతు పోతుంటే డాక్టర్ల వల్ల కాక, అద్దాల ముందు నిలబడి తనను తాను చూసుకున్నాడు. డైలాగ్ ఎత్తుకోగానే తల వెనక్కి వాలిపోతోందని తేలింది. ఆయన్ని వెక్కిరించడానికి వీల్లేదు. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 579 మంది నడుంనొప్పి వాళ్ల మీద చేసిన పరిశోధన వచ్చింది. ఆయన పద్ధతిలో 24 పాఠాలు నేర్చినవారికి, ఏడాది తర్వాత చూస్తే, నాలుగు వారాల్లో నొప్పి ఉన్నది 3 రోజులు. మామూలు వైద్యంతో సరిపెట్టుకున్నవారికి 21.

ఇంత మంచి విద్యను మనం ఊరికే నేర్చుకుంటే ఏం గౌరవం? సదస్సు పెట్టాలి. ఏసీ హాల్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కదలకుండా కూర్చుని కదలిక గురించి వినాలి. "మీ పాదాలు నేలను తాకడం గమనించండి" అని రిసోర్స్ పర్సన్ అనగానే అందరం బూట్లలోంచి గమనించాలి. భోజనాలకు ముందు, ఆ రెండు జిల్లాల జానపద నృత్యమైన తప్పెటగుళ్ల వాళ్లకు పది నిమిషాలు. మంత్రిగారు లేటయితే అయిదు. గుండె మీద తప్పెట కట్టుకుని రెండు చేతులా వాయిస్తూ, పాడుతూ, గజ్జెల కాళ్లతో గెంతే ఆ మనుషులకు శరీర స్పృహ ఉందో లేదో మాత్రం తేలదు. ప్రశ్నాపత్రం ఇంగ్లీషులో ఉంటుంది కదా.

ఖాదీకి పేరుపడ్డ శ్రీకాకుళం జిల్లా పొందూరుకు కూడా ఒక బృందాన్ని పంపాలి. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, సన్న నూలు తీసే ముసలమ్మను "వేలి కొసల అనుభూతిని మీరెలా గుర్తిస్తారు?" అని అడగాలి. "ఏటి బాబూ, బిగిస్తే తెగిపోద్ది, తెలీదేటి?" అంటుంది. ఇలాంటి జవాబు నివేదికలో ఏ గడిలోనూ పట్టదు.

ఇక బడులు. ఆటల పీరియడ్‌ను లెక్కల మాస్టారు అప్పు తీసుకుంటారు, తిరిగివ్వరు. కాబట్టి 'శరీర స్పృహ'ను కొత్త సబ్జెక్టుగా పెట్టడమే దారి: థియరీకి 80, రికార్డుకు 20. రికార్డులో వెన్నెముక బొమ్మ పెన్సిల్‌తోనే వేయాలి. "కదలిక అనగానేమి?" ఎనిమిది మార్కుల ప్రశ్న, తప్పకుండా వస్తుంది. పరీక్ష హాల్లో అటూ ఇటూ కదిలినవారిని డిబార్ చేస్తారు.